అంబత్తూరు పనికి తెలుగు పాఠం: ఆన్‌లైన్ శిక్షణ తయారీకి ఉపకరించే సాధనాలు

పుత్తూరు, ఏకాంబరకుప్పం, తిరుత్తణి ప్రాంతాల నుండి అరక్కోణం మీదుగా మదరాసు వైపు వెళ్లే రైళ్లలో అంబత్తూరుకు, దాని ప్రక్కనున్న పట్టరవాక్కానికి పని నిమిత్తం వెళ్లే మన పల్లెల యువకులు ఎందరో కలరు. అంబత్తూరు పారిశ్రామికవాడ 1964లో ఏర్పడినది. అంతకు ముందే, 1949లో, టి.ఐ. సైకిల్స్ కర్మాగారం అక్కడ నెలకొన్నది. నేడు ఆ వాడలో లేతు పని, అచ్చుల పని, పూత పని, విడిభాగాల తయారీ చేసే చిన్న, మధ్యతరహా కర్మాగారాలు వెయ్యికి పైగా ఉన్నవి. మన పిల్లలకు పని చేయు సామర్థ్యమునకు కొరత లేదు. పని నేర్చుకొనే తొలి నెలలలో వారికి కొరతగా ఉండేది తమ భాషలో ఒక పాఠం.

అట్టి పాఠమును మనమే తయారు చేసికొని, సెల్ ఫోను ద్వారా పిల్లలకు అందించుట ఎట్లో, అందుకు ఏయే సాధనములు ఉచితముగా లభించునో తెలుపుట ఈ వ్యాసం ఉద్దేశ్యము. ఉపాధ్యాయులు, కర్మాగారంలో పనిచేసి ఊరికి తిరిగి వచ్చిన పెద్దలు, కంప్యూటరు తెలిసిన కళాశాల విద్యార్థులు ముగ్గురు కలిసితే ఈ పని సాధ్యమే. తల్లిదండ్రులు కూడ చదువవలసిన భాగము వ్యాసం చివరన కలదు.

ఎవరి కొరకు తయారు చేయుచున్నాము?

ఈ ప్రశ్నకు సమాధానం తేలనిదే ఏ సాధనమూ పనికిరాదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణ అమలైనప్పుడు తిరుత్తణి ప్రాంతం మదరాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు చేరినవి. ఇంటి భాష మారలేదు, బడి భాష మారినది. తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత, పళ్లిపట్టు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి వైపు తెలుగు పిల్లలు తమిళమును తప్పనిసరి భాషగా చదువుచున్నారు. కావున వారు కర్మాగారపు గోడ మీది తమిళ హెచ్చరికను చదువగలరు, కాని తెలుగు చదువుటలో కొందరు వెనుకబడి ఉన్నారు. నగరి, పిచ్చాటూరు, సత్యవేడు వైపు పిల్లల స్థితి దీనికి విరుద్ధము. వారికి తెలుగు ధారాళముగా వచ్చును, తమిళం చెవికి తెలిసినదే, లిపి మాత్రం తెలియదు.

కాబట్టి మన పాఠంలో మాట తెలుగులో వినిపించవలెను. తెర మీద పనిముట్టు పేరు తెలుగు లిపిలోను, తమిళ లిపిలోను, ఆంగ్ల లిపిలోను మూడు విధములుగా కనిపించవలెను. వ్రాతపై ఆధారపడిన పాఠం కంటె మాటపై ఆధారపడిన పాఠం మన పల్లెలకు మేలని ఈ రచయిత అభిప్రాయము.

ఇప్పటికే ఉన్న వనరులు

క్రొత్తగా తయారు చేయుటకు ముందు, ఉన్నదేమిటో చూచుకొనవలెను. ఉన్నదానిని మరల తయారు చేయుట శ్రమ వృథా.

అంబత్తూరుకు అతి సమీపముననే, చెన్నై గిండీలో, జాతీయ బోధనా మాధ్యమ సంస్థ ఉన్నది. దీనిని క్లుప్తముగా ‘నిమి’ అందురు. 1986లో జర్మనీ ప్రభుత్వ సహకారంతో కేంద్ర సంస్థగా ప్రారంభమై, 1999లో స్వయంప్రతిపత్తి పొందినది. దేశమంతటి ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఎలక్ట్రీషియను తదితర వృత్తులకు వాడే సిద్ధాంత, ప్రయోగ పుస్తకములను రూపొందించేది ఈ సంస్థయే. వీటిలో కొన్ని తెలుగులోను, తమిళంలోను కూడ లభించును. అంబత్తూరులోని ప్రభుత్వ ఐ.టి.ఐ.లో చేరదలచిన తెలుగు బాలుడు తన వృత్తి పుస్తకం తెలుగు ప్రతి ఉన్నదేమో ముందుగా విచారించుట మంచిది. ఒకే పాఠ్యప్రణాళిక గనుక, తెలుగు ప్రతిని ప్రక్కన పెట్టుకొని తమిళ తరగతిని అనుసరించవచ్చును.

కేంద్ర శిక్షణ మహానిర్దేశాలయం 2019లో ‘భారత్ స్కిల్స్’ అను వేదికను ప్రారంభించినది. అందులో వృత్తుల వారీగా పాఠ్యప్రణాళికలు, ప్రశ్నల నిధులు, ఈ-పుస్తకములు, దృశ్య పాఠములు ఉచితముగా ఉన్నవి. 2023 సెప్టెంబరులో వచ్చిన ‘స్కిల్ ఇండియా డిజిటల్ హబ్’ వేరొకటి. ఇందులో నైపుణ్య శిక్షణ, ఉద్యోగ సమాచారం ఒకచోట చేర్చబడినవి. 2017 జూలైలో ప్రారంభమైన ‘స్వయం’ కళాశాల స్థాయి వారికి ఎక్కువ ఉపయోగము. అదే సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన ‘దీక్ష’ బడి పిల్లలకు, ఉపాధ్యాయులకు ఉద్దేశించినది. పాఠ్యపుస్తకంలోని చదరపు సంకేతమును ఫోనుతో చూపినచో సంబంధిత పాఠం తెరుచుకొనుట ఇప్పుడు పిల్లలందరికీ పరిచితమే.

అయితే మనకు అన్నింటికంటె ఎక్కువ నేర్పగలది ముంబయి ఐ.ఐ.టి. వారి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పథకం. ఆచార్య కణ్ణన్ మౌద్గల్య నేతృత్వంలో రూపొందిన ఈ పథకంలో పాఠములు సుమారు పది నిమిషములకు మించవు. తెర మీది దృశ్యం ఒకటే, ధ్వని మాత్రం తెలుగు, తమిళం సహా అనేక భారతీయ భాషలలో వేరువేరుగా చేర్చబడును. అందువలన ఇరవై భాషలకు ఇరవై మార్లు చిత్రీకరించు పని లేదు. వీరి పాఠములు ఉచిత కంప్యూటరు సాఫ్ట్‌వేరును నేర్పునవి. లేతు పని నేర్పవు. కాని మనం తీసికొనవలసినది వారి పద్ధతిని.

ఆ పద్ధతి ఇది. మొదట పాఠమును రెండు నిలువు వరుసల పట్టికగా వ్రాయుదురు. ఎడమ వైపు తెర మీద ఏమి కనిపించవలెనో, కుడి వైపు ఆ సమయమున ఏమి వినిపించవలెనో ఉండును. తరువాత ఆ వ్రాతను, విషయం ఏమాత్రం తెలియని ఒక వ్యక్తి చేతికిచ్చి, అతడు దానిని మాత్రమే చదివి పని చేయగలడో లేదో పరీక్షింతురు. అతడు ఆగిన చోటెల్ల వ్రాతను సరిదిద్దుదురు. ఆ పిమ్మటనే ధ్వనిముద్రణ. మన వారు సాధారణముగా దీనిని తలక్రిందులుగా చేయుదురు. ముందు ఫోను పట్టి చిత్రీకరించి, తరువాత ఏమి చెప్పవలెనో ఆలోచింతురు!

ఒక పాఠం తయారీ: వెర్నియర్ కొలత

ఉదాహరణగా ఒక పాఠమును తీసికొందము. అంబత్తూరులో ఏ యంత్రశాలకు వెళ్లినను మొదటి వారంలోనే చేతికి వచ్చే పనిముట్టు వెర్నియర్ కాలిపరు. అందలి అంకెలు ఏ భాషవారికైనా ఒకటే. కనుక మొదటి పాఠమునకు ఇది అనుకూలము.

ముందుగా లక్ష్యమును ఒకే వాక్యంలో వ్రాయవలెను. “వెర్నియర్ గూర్చి తెలిసికొనుట” అనునది లక్ష్యము కాదు. “పాఠం చూచిన పిదప, ఇచ్చిన కడ్డీ వ్యాసమును 0.02 మి.మీ. వరకు సరిగా కొలిచి చెప్పగలుగుట” అనునది లక్ష్యము. చూచి సరియా తప్పా అని నిర్ణయించుటకు వీలైనదే లక్ష్యము కాగలదు.

తరువాత విషయం. సాధారణముగా యంత్రశాలలో వాడే వెర్నియర్‌లో ప్రధాన స్కేలు మీద ఒక్కొక్క గీత 1 మి.మీ. ప్రక్కన జరిగే చిన్న స్కేలు మీద 50 భాగములు ఉండి, అవన్నియు కలిసి 49 మి.మీ. పొడవు ఉండును. అనగా చిన్న స్కేలు మీది ఒక భాగము 0.98 మి.మీ. రెండింటి తేడా 0.02 మి.మీ. ఈ పనిముట్టు కొలువగల అతి చిన్న కొలత ఇదియే. చిన్న స్కేలు మీది సున్న, ప్రధాన స్కేలు మీద 23 దాటి ఉన్నదనుకొందము. చిన్న స్కేలు మీది 17వ గీత పైగీతతో సరిగా ఏకమైనదనుకొందము. 17ను 0.02తో హెచ్చింపగా 0.34. దానిని 23కు కలుపగా 23.34 మి.మీ.

ఇంతవరకు ఏ పుస్తకమైనను చెప్పును. పాఠం తయారు చేయువాని నేర్పు ప్రశ్నలలో తెలియును. ఇదే కొలతను చిత్రముగా చూపి మూడు సమాధానములిచ్చినచో, ఆ మూడును ఊరక పెట్టిన అంకెలు కారాదు. 23.34 సరియైనది. 23.17 అని ఎంచుకొన్న వాడు 17ను అట్లే దశాంశం తరువాత పెట్టినాడు, 0.02తో హెచ్చించలేదు. 24.70 అని ఎంచుకొన్నవాడు అతి చిన్న కొలతను 0.1గా తలచినాడు. ఇట్లు ప్రతి తప్పు సమాధానము వెనుక ఒక పొరపాటు ఉండునట్లు ప్రశ్నను కూర్చినచో, పిల్లవాడు ఎక్కడ తప్పినాడో గురువు ఎదుట లేకపోయినను తెలియును. తప్పుకు తగిన వివరణను ఆ సమాధానము వెంటనే కనిపించునట్లు చేయవచ్చును. దూరవిద్యలో గురువు చేయగలిగిన అతి ముఖ్యమైన పని ఇదియే.

శిక్షణా రూపకల్పనకు విదేశములలో పేరుపొందిన క్రమములు ఉన్నవి. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అను ఐదు దశల క్రమమును 1975లో అమెరికా సైన్యం కొరకు ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు రూపొందించిరి. దానిని ‘ఆడీ’ అందురు. పేర్లు కంఠస్థము చేయనవసరము లేదు. పై ఉదాహరణలో ఆ దశలలో చాలావరకు ఇమిడియే ఉన్నవి.

పది నిమిషముల పాఠమునకు నిమిషమునకు ఎనభై, తొంబది తెలుగు మాటలకు మించి వ్రాయకుండుట మంచిది. చేతి పని చూపుచున్నప్పుడు మాట ఆగవలెను. చూచుటకు కంటికి కొంత వ్యవధి కావలెను గదా.

మాటలలో మెలకువ

ఈ విషయమున కొంత విపులముగా వ్రాయక తప్పదు. తెలుగు, తమిళములు సోదర భాషలు కనుక మాటలు కలియును. ఇనుము ఇరుంబు, ఇత్తడి పిత్తళై, ఉక్కు ఎఃగు, సుత్తి సుత్తియల్ అనుటలో చిక్కు లేదు. హెచ్చరికను వారు ఎచ్చరిక్కై అందురు. చిక్కంతయు ఒకే విధముగా వినిపించి వేరు అర్థమిచ్చే మాటలతోనే.

‘అవసరం’ అను మాటను చూడుడు. మనకు అది కావలసిన దానిని తెలుపును. తమిళమున అది తొందరను, అత్యవసరమును తెలుపును. కర్మాగారంలో ‘అవసర వళి’ అని వ్రాసి ఉన్న ద్వారము అగ్నిప్రమాదం వంటి ఆపదలో బయటపడుటకు ఉద్దేశించినది. ‘అవసర నిఱుత్తం’ అని యంత్రము మీది ఎఱ్ఱ మీట ప్రక్కన ఉన్నచో, ఆపద వేళ యంత్రమును తత్‌క్షణమే ఆపు మీట అది. తెలుగు బాలుడు దానిని “అవసరమైనప్పుడు ఆపునది” అని సాధారణార్థమున గ్రహించినచో దాని గౌరవం తెలియదు. ‘తొడాదే’ అను మాట మరియొకటి. తాకవద్దు అని దాని అర్థము. మనకు తొడుగుట అనగా ధరించుట. కరెంటు పెట్టె మీది ‘తొడాదే’ను విన్నవాడు దేనిని ధరింపరాదని వెదకికొనుట హాస్యమునకు బాగుండునే గాని, పని చోట బాగుండదు. రాగిని తమిళులు సెంబు, సెప్పు అందురు. రాగి అని మనం అడిగినచో వారికి తోచునది రాగుల ధాన్యము. నెట్టుటకు ‘తళ్ళు’, లాగుటకు ‘ఇళు’. ఈ రెండును తలుపుల మీద, తోపుడు బండ్ల మీద నిత్యము కనిపించునవే.

ఇట్టి మాటలు నలభై, ఏబది చేర్చి, ఒక్కొక్కదానికి ఒక బొమ్మ, తెలుగు అర్థము, తమిళ ఉచ్చారణ ధ్వని జతచేసినచో అది ఒక్కటే ఒక మంచి పాఠము. మా వైపు ఉపాధ్యాయులు ఎవరైనా మొదట ఏమి తయారు చేయవలెనని అడిగినచో దీనినే చెప్పుదును. ఇందుకు యంత్రశాల కూడ అక్కరలేదు. అంబత్తూరులో పదేండ్లు పనిచేసిన ఒక పెద్దమనిషి, ఒక ఫోను చాలును.

యంత్రానువాదము గూర్చి రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’ వేదిక, మదరాసు ఐ.ఐ.టి.లోని ‘ఏ.ఐ.ఫర్‌భారత్’ పరిశోధక బృందము వారి అనువాద సాధనములు తెలుగు, తమిళముల మధ్య చక్కగా ఉపకరించుచున్నవి. ఆంగ్ల పాఠమునకు మొదటి ముసాయిదా కావలెనన్న గంటల పని నిమిషములలో తేలును. కాని యంత్రశాల భాష వేరు. అక్కడ ‘జాబ్’ అనగా ఉద్యోగము కాదు, యంత్రములో బిగించిన లోహపు ముక్క. ‘ఫైలు’ అనగా కాగితముల కట్ట కాదు, ఆకురాయి. ‘డై’ అనగా మరణించుట కాదు, అచ్చు. ‘వైస్’ అనగా దుర్గుణము కాదు, పట్టుకఱ్ఱ వలె వస్తువును బిగించి ఉంచు పరికరము. యంత్రము ఇచ్చిన అనువాదమును, ఆ పని చేతితో చేసినవాడు వాక్యం వాక్యం చదువక పంపరాదు. భద్రతకు సంబంధించిన వాక్యములనైతే యంత్రమునకు అప్పగించకుండుటయే ఉత్తమము.

పారిభాషిక పదములకు సంస్కృత పదములను కల్పించు ఉత్సాహము మన పండితులకు ఉన్నది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వారి పదకోశములు పుస్తక రచనకు ఉపకరించును. అయితే యంత్రశాలలో మేస్త్రి లేతును లేతనియే పిలుచును. పానాను పానా అని అడిగినచో మనవారు అందింతురు, తమిళ సోదరులు స్పానరు అనిన అందింతురు. పాఠంలో ఈ రెండు మాటలే ఉండవలెను. మూడవది అక్కరలేదు.

ధ్వని, దృశ్యము, తెలుగు లిపి

దృశ్యము కొంత మసకగా ఉన్నను పిల్లలు చూతురు. ధ్వని సరిగా లేనిచో ఒక నిమిషంలోనే మానివేయుదురు. కనుక ఖర్చు పెట్టదలచినది ఏదైనా ఉన్నచో చొక్కాకు తగిలించుకొనే చిన్న మైకు మీద పెట్టవలెను. తెల్లవారుజామున, తలుపులు మూసిన గదిలో, దుప్పట్లు వ్రేలాడదీసి ముద్రించినచో ప్రతిధ్వని తగ్గును. ‘ఆడాసిటీ’ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో ధ్వనిని శుభ్రపరచవచ్చును. మాట మొదలుపెట్టక మునుపు ఐదు క్షణములు మౌనముగా ముద్రించి ఉంచవలెను. ఆ మౌనములోని ఫంకా హోరును నమూనాగా చూపినచో, ఆ సాఫ్ట్‌వేరు పాఠమంతటి నుండి ఆ హోరును తగ్గించును.

కంప్యూటరు తెర మీది పనిని చిత్రించుటకు ‘ఓ.బి.ఎస్. స్టూడియో’, దృశ్యములను కత్తిరించి అతుకుటకు ‘ఓపెన్‌షాట్’ లేదా ‘షాట్‌కట్’ ఉచితముగా లభించును. బొమ్మల పలకలు తయారు చేయుటకు ‘లిబ్రే ఆఫీసు’ సరిపోవును. ఫోనుతో చిత్రించునప్పుడు దానిని అడ్డముగా, కదలని ఆధారము మీద నిలుపవలెను. వెలుతురు పనివాని చేతుల మీద పడవలెను గాని ఫోను కంటిలో పడరాదు. కర్మాగారములలో చిత్రీకరణకు యాజమాన్యపు అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండ రహస్యముగా తీసిన దృశ్యము పనిచేయువాని ఉద్యోగమునకే ముప్పు తెచ్చును. ఊరిలోని వెల్డింగు అంగడిలోనో, మోటారు రిపేరు షెడ్డులోనో తీసినచో ఈ చిక్కు లేదు.

తెలుగు వ్రాతను యూనికోడ్ పద్ధతిలోనే వ్రాయవలెను. పాత ముద్రణాలయపు ఖతులతో వ్రాసిన పాఠం, ఆ ఖతి లేని ఫోనులో అర్థం లేని గుర్తులుగా కనిపించును. ‘నోటో సాన్స్ తెలుగు’ ఖతి చిన్న తెర మీద స్పష్టముగా ఉండును. ‘మండలి’, ‘రామభద్ర’ వంటి అందమైన ఉచిత ఖతులు శీర్షికలకు బాగుండును. ఒత్తులు, గుణింతములు ఉన్న మన లిపికి వరుసల మధ్య ఎడం ఎక్కువ కావలెను. ఆంగ్లమునకు సరిపోయిన ఎడంలో తెలుగు ఇరుకై, క్రింది వరుస తలకట్టుకు పై వరుస ఒత్తు తగులును.

ఇతరుల బొమ్మలు, దృశ్యములు తీసికొనునప్పుడు హక్కులను గమనించవలెను. స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు ‘క్రియేటివ్ కామన్స్’ అనుమతి క్రింద ఉన్నవి. వారి పేరు చెప్పి, మన పాఠమును కూడ అదే షరతుతో ఇచ్చునట్లయితే వాడుకొనవచ్చును. నిమి పుస్తకముల హక్కులు ఆ సంస్థవే. వాటిని చదువుమని చూపవచ్చును గాని పుటలు తీసి మన పాఠంలో అతికింపరాదు.

పల్లెకు చేర్చుట

లెక్క వేసి చూతము. క్షణమునకు 500 కిలోబిట్ల చొప్పున కుదించిన దృశ్య పాఠం పది నిమిషములకు సుమారు 37 మెగాబైట్లు అగును. అదే పాఠం ధ్వని మాత్రమే అయినచో, 32 కిలోబిట్ల చొప్పున, రెండున్నర మెగాబైట్లకు మించదు. సిగ్నలు సరిగా లేని కొండవార పల్లెలలో ఈ తేడా చాల పెద్దది. కావున ప్రతి పాఠమునకు దృశ్య ప్రతి ఒకటి, ధ్వని ప్రతి ఒకటి, రెండు పుటల బొమ్మల ప్రతి ఒకటి ఉంచుట మేలు. స్వయం వేదిక వారు కూడ దృశ్యము, పఠన సామగ్రి, స్వయంపరీక్ష, చర్చ అను నాలుగు అంగములను ప్రతి పాఠమునకు విధించియున్నారు.

ఇరువది, ముప్పది మంది పిల్లలున్నచో వాట్సాప్ బృందము, ప్రశ్నలకు గూగుల్ ఫారము చాలును. ఇంతకు మించిన ఏర్పాటు మొదటనే పెట్టుకొన్నవారు పాఠం కంటె వేదిక మరమ్మతుకే కాలం వెచ్చింతురు. పిల్లల సంఖ్య పెరిగి, ఎవరు ఎంతవరకు చదివిరో లెక్క కావలసినప్పుడు ‘మూడుల్’ను పరిశీలింపవచ్చును. 2002లో ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ విడుదల చేసిన ఈ ఉచిత వేదికను ప్రపంచమంతట విశ్వవిద్యాలయములు వాడుచున్నవి. దాని ఫోను అనువర్తనంలో పాఠములను ముందుగా దింపుకొని, సిగ్నలు లేనిచోట చదువవచ్చును. నార్వేలో పుట్టిన ‘హెచ్5పి’ సాధనముతో దృశ్యము నడుమ ఆపి ప్రశ్న అడుగు ఏర్పాటు చేయవచ్చును. పైన చెప్పిన వెర్నియర్ ప్రశ్నకు ఇది ఎంతయు తగినది. ఒక వేదికలో తయారు చేసిన పాఠమును వేరొక వేదికకు మార్చుకొనుటకు ‘స్కార్మ్’ అను ప్రమాణము కలదు. క్రొత్త సాధనము ఎన్నుకొనునప్పుడు అది స్కార్మ్ రూపంలో బయటికి ఇచ్చునా అని చూచుకొనిన చాలును.

అంతర్జాలమే లేని చోటికి ‘కొలిబ్రి’ అను ఉచిత ఏర్పాటు ఉన్నది. పాఠములన్నియు ఒక పాత కంప్యూటరులోనో, అరచేతి పాటి రాస్ప్‌బెరీ పై యంత్రములోనో నింపి గ్రంథాలయంలో ఉంచినచో, చుట్టుప్రక్కల ఉన్న ఫోనులు అంతర్జాలం లేకుండనే దాని నుండి పాఠములు చూడగలవు. సాయంత్రం వేళ తెరచి ఉండే గ్రంథాలయం ఉన్న ఊరికి ఇది అన్నింటికంటె చవకైన మార్గము.

ఇంటివారు గమనించవలసినవి

ఇంటిలో ఫోను ఒకటే ఉండి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఉన్నచో, ఆడపిల్ల చేతికి అది రాత్రి పదిగంటలకు, చార్జింగు అయిపోయిన తరువాత వచ్చును. ఇది ఏ ఊరిలోనైనను కనిపించునదే. అంబత్తూరు వైపు ఎలక్ట్రానిక్సు, వస్త్ర పరిశ్రమలలో ఆడపిల్లలకు పనులు అధికముగా ఉన్నవి. శిక్షణలో ఉన్న పిల్లకు రోజునకు ఒక నిర్ణీత గంట ఫోనును కేటాయించవలెను. పాఠం తయారు చేయువారు కూడ రాత్రి ఎనిమిది గంటలకు ప్రత్యక్ష తరగతి అని పెట్టక, ఎప్పుడైనను చూడదగిన పాఠముగా ఇచ్చుట న్యాయము.

రుసుము విషయమున జాగ్రత్త వహించవలెను. భారత్ స్కిల్స్‌లో చదువుటకు రుసుము లేదు. స్వయంలో కూడ చదువు ఉచితమే, ధ్రువపత్రం కొరకు వ్రాయు పరీక్షకు మాత్రమే రుసుము చెల్లింపవలెను. “వారం రోజుల ఆన్‌లైన్ శిక్షణ, అంబత్తూరులో ఉద్యోగం ఖాయం” అని చెప్పి వేల రూపాయలు ముందుగా అడుగువారిని, ఆ ఉద్యోగం ఇచ్చు కర్మాగారం పేరును, నియామక పత్రమును చూపుమని అడుగవలెను. దృశ్య పాఠములు చూచినందుకు వచ్చే ధ్రువపత్రము, ఐ.టి.ఐ. పూర్తిచేసినవారికి వచ్చే జాతీయ వృత్తి ధ్రువపత్రమునకు సమానము కాదు. కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరుటకు 1961 నాటి చట్టం, దాని క్రింద వచ్చిన పథకములు ఉన్నవి. ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు ఉచితము. అప్రెంటిస్‌కు నెలకు భృతి చెల్లించు బాధ్యత కర్మాగారముదే. డబ్బు ఆ వైపు నుండి ఈ వైపుకు రావలెను గాని, మన వైపు నుండి పోరాదు.

మరియొక మాట. ఫోనులో ఎంత చూచినను చేతికి పని రాదు. వెర్నియర్ పాఠం చూచిన పిల్లవానికి నిజమైన వెర్నియర్‌తో పది కడ్డీలు కొలిచే అవకాశం కల్పించినప్పుడే ఆ పాఠం పూర్తియగును. చుట్టుప్రక్కల ఊర్లలో ఏదైనా వర్క్‌షాపు యజమానిని అడిగి ఆదివారం ఒక గంట ఏర్పాటు చేసికొనుట కష్టము కాదు.

పరీక్షించుట, భద్రపరచుట

తయారైన పాఠమును విడుదల చేయుటకు ముందు ముగ్గురు పిల్లలకు చూపవలెను. వారిలో ఒకరు తమిళ లిపి చదువగలవారు, ఒకరు చదువలేనివారు, ఒకరు చదువు మధ్యలో మానినవారు అయినచో మంచిది. వారు చూచుచుండగా మనం నోరు మెదపరాదు. ఎక్కడ ఆపి వెనుకకు జరిపిరో, ఎక్కడ ఒకరిని ఒకరు చూచుకొనిరో కాగితము మీద వ్రాసికొనవలెను. “అర్థమైనదా?” అని అడిగినచో అందరు అయినదనియే చెప్పుదురు. అడుగుటకు బదులు కడ్డీ చేతికిచ్చి కొలువుమనవలెను.

పిల్లల ముఖములు కనిపించు దృశ్యములను తల్లిదండ్రుల అనుమతి లేక బయట పెట్టరాదు. ఫోను నంబర్ల జాబితాలను బృందములలో పంచరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పదునెనిమిదేండ్ల లోపు వారి విషయమున తల్లిదండ్రుల సమ్మతిని విధించుచున్నది.

చివరగా, వ్రాత పట్టిక, ధ్వని, దృశ్యము, బొమ్మలు వేరువేరు ఫైళ్లుగానే భద్రపరచవలెను. అన్నియు కలిపి వేసిన తుది ప్రతిని మాత్రమే ఉంచుకొన్నవారు ఒక మాట మార్చవలసి వచ్చినచో పాఠమంతయు మరల తయారు చేయవలసి వచ్చును. ఫైలు పేరులో పాఠం పేరు, భాష, తేదీ ఉండవలెను. పట్టిక, దృశ్యము విడిగా ఉన్నచో, పొరుగు ఊరి తమిళ ఉపాధ్యాయుడు అదే దృశ్యమునకు తమిళ ధ్వనిని జతచేసి తన పిల్లలకు ఇయ్యవచ్చును. ఆయన తయారు చేసిన పాఠమునకు మనం తెలుగు ధ్వనిని జతచేసికొనవచ్చును.